పన్నెండో ఎత్తు

ఆదోని
30 జూలై 2024

అమ్మా స్టెల్లా,

మీ మామ ఇంకా చదరంగం బోర్డు మీదే ఉన్నాడు. రొమ్ము కోసి, కాలిలో నరం తీసి గుండెకి కుట్టారు. ఇన్ని అతుకులున్న బొంత నాకెందుకని దేవుడే తిరిగి పంపించినట్టున్నాడు. సాల్మన్ నన్ను గాజుగ్లాసులాగా చూసుకుంటున్నాడు. పేపరు కూడా ముందు తను చదివి తర్వాత నాకిస్తున్నాడు. చెవులు పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు నా కళ్ళకి కూడా కొడుకు కాపలా పెట్టాడు.

మీ ఇంటి నుంచి నెల రోజులుగా ఒక్క ముక్క లేదు. నువ్వు ఆసుపత్రి డ్యూటీలతో సతమతమవుతుంటావు, తెలుసు. నా మనవరాలికేమొచ్చింది? జూన్ చివర నేను పంపిన ఆటకి ఊహల కాగితం ఇంకా రాలేదు. తాత మంచంలో ఉన్నాడు కదా అని సెలవు తీసుకుందేమో. నేను సెలవివ్వలేదని చెప్పు.

ఈ ఊహల కాగితం గోలేమిటని నువ్వు చాలాసార్లు విసుక్కున్నావు కాబట్టి ఒకసారి చెబుతాను. గ్రాండ్‌మాస్టర్ల ఆటలు ఊరికే చదువుకుంటూ పోతే నవల చదివినట్టే, పుస్తకం మూశాక ఏమీ మిగలదు. అందుకని ఎత్తుల మీద ఒక అట్టముక్క పెట్టి కప్పాలి. నల్లవాడి ఎత్తు చూసి, దానికి తెల్లవాడు ఏం ఆడి ఉంటాడో మనమే ఊహించి కాగితం మీద రాయాలి. రాశాకే అట్టముక్కని ఒక వరస కిందికి జరపాలి. కాగితం నాకు పంపితే నేను మార్కులు వేస్తాను. ఆడినవాళ్ళ పేర్లు మాత్రం కొట్టేసి పంపుతాను. పేరు చూస్తే పిల్లలకి భక్తి పుడుతుంది, భక్తి పుడితే బుర్ర పనిచెయ్యదు.

ఇప్పుడు పంపుతున్న ఆటలో జెస్సికా నేర్చుకోవాల్సింది ఒకటే. పావులు మార్చుకునేటప్పుడు బోర్డు మీద నుంచి ఏం పోయిందని చూడకూడదు, ఏం మిగిలిందో చూడాలి. దానికి గుర్రాలంటే పిచ్చి, గుర్రం పోతే మొహం మాడ్చుకుంటుంది. ఈ ఆటలో తెల్లాయన తన మంచి గుర్రాన్ని ఇచ్చేసి, మిగిలిన ఏనుగులతో నింపాదిగా గెలుస్తాడు. చూసి నేర్చుకోమను.

మీ ఆయన పౌలుని అడిగానని చెప్పు. లోపలి కవరు మీద 'కుమారి జెస్సికా' అని రాశాను. అది దాని చేత్తోనే చించాలి, నువ్వు ముట్టుకోవద్దు.

మీ మామ
ఎబినేజర్


కుందలహళ్ళి, బెంగళూరు
4 ఆగస్టు 2024

మామా,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది కాబట్టి రాస్తున్నాను.

జెస్సికా లేదు. జూలై పంతొమ్మిది, శుక్రవారం పొద్దున పోయింది. డెంగీ. పదమూడు నిండి నెల కూడా కాలేదు. అప్పటికి నీ ఆపరేషనై ఎనిమిది రోజులు. సాల్మన్ ఫోన్ చేసి ఏడ్చాడు, ఏడ్చి, "వదినా, నాయనకి ఇప్పుడు చెప్పొద్దు. ఆరునెల్లు ఏ దెబ్బా తగలగూడదని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఇంకో పీనుగని నేను మొయ్యలేను" అన్నాడు. నేను సరేనన్నాను. గుండె కోసినవాళ్ళ దగ్గర ఏది మాట్లాడాలో, ఏది మాట్లాడకూడదో నర్సుకి వేరే చెప్పాలా?

నిన్న నీ ఉత్తరం వచ్చింది. లోపలి కవరు మీద నీ గుండ్రటి అక్షరాలతో దాని పేరు. ఉత్తరం తెచ్చిచ్చిన ఇంటి ఓనరు కెంపమ్మ, నేను పై కవరు చించగానే అది చూసి, "పాప పేరు మీద ఉండాది కదమ్మా, ఏం చేస్తావు?" అంది. ఆ కవరు రెండు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత చించాను. దాని చేత్తోనే చించమన్నావు, ఆ చెయ్యి ఎక్కడినుంచి తేను మామా?

ఏం మిగిలిందో చూడమని రాశావు. ఒక బోర్డు, నా మొహం చూడలేక తల తిప్పుకునే పౌలు, నేను. ఇదే మిగిలింది.

జవాబు రాయకపోతే నీకు అనుమానం వస్తుంది. కాగితం పంపాలి. పావులు ఎలా నడుస్తాయో తెలుసు, అది కూడా చిన్నప్పుడు మీ ఇంట్లో నువ్వూ సాల్మనూ ఆడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నదే. నాకు ఓపిక లేదని నువ్వు నేర్పలేదు. అంతకుమించి ఏమీ రాదు. దాని ట్యాబులో చదరంగం ఆడే కంప్యూటరు ఉంది. దాన్నే అడుగుతాను.

స్టెల్లా


కుందలహళ్ళి
11 ఆగస్టు 2024

మామయ్యకి వందనాలు.

నువ్వు లేచి కూర్చుని ఉత్తరం రాశావంటే మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా సాల్మన్‌కి చూపించు, దాచొద్దు. ఉప్పు తగ్గించు. పచ్చళ్ళ జాడీ వైపు చూడొద్దు.

ఇక్కడ అందరం బాగున్నాం. పాపకి స్కూల్లో పరీక్షలు, అందుకని ఉత్తరం నేను రాస్తున్నాను. ఊహల కాగితం ఇందులో పెట్టాను. జూన్ ఆట కాగితం పుస్తకాల్లో ఎక్కడో పెట్టి మరిచిపోయిందట, వెతుకుతోంది.

పౌలుకి బెళ్ళందూరు ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ఆదివారాలు కూడా వెళుతున్నాడు.

స్టెల్లా


ఆదోని
1 సెప్టెంబరు 2024

అమ్మా స్టెల్లా,

ఇరవయ్యారు ఎత్తుల్లో ఇరవైమూడు సరిగ్గా ఊహించింది నీ కూతురు! కాగితం పట్టుకుని వీధి చివరి టీ అంగడి దాకా నడిచాను. అక్కడ వెంకటరాయప్పకి చూపిస్తే, "ఏమప్పా, మనవరాలు నిన్ను మించిపోయిందే" అని అంగడి ధరల పలక మీద రాసి మరీ చూపించాడు. ఇంటికొచ్చాక సాల్మన్‌కి చూపించాను. వాడు కాగితం వంక చూసి లోపలికి వెళ్ళిపోయాడు. పాస్టరు ఉద్యోగం చేసేవాళ్ళకి చదరంగం మీద అంత చిరాకెందుకో.

మొన్న ఆదివారం, ఆపరేషనయ్యాక మొదటిసారి, చర్చికి వెళ్ళాను. ముందు వరసలో కూర్చోబెట్టారు. సాల్మన్ ఎవరి కోసమో చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నాకేం వినపడుతుంది? చివర అందరి పెదాలూ కదిలినప్పుడు నేనూ గట్టిగా ఆమేన్ అన్నాను. ఎందుకో అందరూ నా వైపు చూశారు, నా గొంతు మరీ పెద్దదైపోయిందేమో.

ఒక చిన్న సంగతి మాత్రం నాకు మింగుడుపడలేదు. పద్దెనిమిదో ఎత్తు దగ్గర జెస్సికా రాసినది పుస్తకంలో ఉన్న ఎత్తు కన్నా మంచిది. నేను రెండు రోజులు కూర్చుని చూశాను, నిజంగానే మంచిది. పిల్లలకి ఒక్కోసారి అలా తడుతుంది. పోనీ అనుకున్నాను.

ఈసారి ఆటలో పాఠం ఊరుకున్న ఎత్తు. బలమైన ఆటగాడు దాడి చేస్తున్నప్పుడు మనం ఎలాగూ కళ్ళు తెరిచే ఉంటాం. దాడి ఆపి, మూలనున్న ఒక బంటుని ఒక్క గడి జరిపి ఊరుకున్నప్పుడే ప్రమాదం. హమ్మయ్య గండం గడిచిందని మనం వేరే పనిలో పడతాం. గ్రాండ్‌మాస్టర్లు గెలిచేది అక్కడే. కాబట్టి జెస్సికాకి చెప్పు, ఎదుటివాడు బెదిరిస్తే భయపడనక్కర్లేదు. ఊరుకుంటే మాత్రం, ఎందుకు ఊరుకున్నాడని చేతులు ఒళ్ళో పెట్టుకుని అయిదు నిమిషాలు ఆలోచించాలి.

మీ మామ


కుందలహళ్ళి
8 సెప్టెంబరు 2024

మామా,

ఇది కూడా పోస్టు చెయ్యను.

ఊరుకున్న ఎత్తు గురించి నాకా చెబుతున్నావు? జూలై పదమూడో తేదీన దానికి జ్వరం మొదలైంది. మా వార్డు నిండా అదే జ్వరం. మంచం మంచానికీ వెళ్ళి తల్లులకి నేనే చెప్పాను, "జ్వరం తగ్గిందని సంబరపడకండి, తగ్గాకే అసలు ప్రమాదం, చేతులు చల్లబడుతున్నాయేమో చూస్తూ ఉండండి" అని. పదహారో తేదీ, మంగళవారం పొద్దున జెస్సికా ఒళ్ళు పట్టుకుంటే చల్లగా ఉంది. జ్వరం దిగింది. అది లేచి కూర్చుని రెండు ఇడ్లీలు తింది. నీ జూన్ ఆట ముందేసుకుని అట్టముక్క పెట్టుకుంది. నేను హమ్మయ్య అనుకున్నాను. వార్డులో మనుషులు చాలరని తోటి నర్సు పిలిస్తే డ్యూటీకి వెళ్ళాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చూశాను. పడకమీద మఠం వేసుకుని పెన్సిలు కొరుకుతోంది. ఊరికి చెప్పే మాట నా ఇంట్లో నాకు గుర్తురాలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే పౌలు, "కడుపునొప్పంటా ఉంది, మజ్జిగిచ్చి పడుకోబెట్టినా" అన్నాడు. నేను పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటే మంచుముద్ద. నాడి దొరకలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఐసీయూలో నేను చేసిందంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నీ పాఠం మంచిదే మామా. ఏడు వారాలు ఆలస్యంగా వచ్చింది.

స్టెల్లా


కుందలహళ్ళి
9 సెప్టెంబరు 2024

మామయ్యకి వందనాలు.

పాప కాగితం పంపుతున్నాను. మేమంతా క్షేమం. నువ్వు టీ అంగడి దాకా నడిచావంటే సంతోషం, కానీ ఎండలో వద్దు.

స్టెల్లా


ఆదోని
29 సెప్టెంబరు 2024

కుమారి జెస్సికాకి,

ఈ ఉత్తరం మీ అమ్మకి కాదు, నీకే.

ముప్పై ఒక్క ఎత్తుల్లో ఇరవైతొమ్మిది. తప్పిన రెండూ పుస్తకంలో ఉన్నవాటికన్నా మంచివి. నలభై ఏళ్ళుగా ఈ ఆట నా దగ్గర ఉంది, ఆ రెండు ఎత్తులు నాకు తట్టలేదు. ఆడిన గ్రాండ్‌మాస్టరుకీ తట్టలేదు. పదమూడేళ్ళ పిల్లకి, పరీక్షల మధ్యలో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా తట్టాయి. తాతకి చెవులు పోయాయి కానీ బుద్ధి పోలేదమ్మా.

కంప్యూటరుని అడిగి రాశావు.

నువ్వు మొదటిసారి పంపిన కాగితం నా దగ్గరే ఉంది. ముప్పైలో మూడు సరి. చెరిపి రాసి, చెరిపి రాసి కాగితానికి చిల్లు పడింది. దాన్ని నేను బైబిల్లో దాచుకున్నాను. ఇప్పుడు వచ్చిన ఈ తెల్లటి కాగితం నాకొద్దు, తిప్పి పంపుతున్నాను. ఓడేవాళ్ళకి నేను నేర్పుతాను, మొద్దులకి నేర్పుతాను. దొంగలకి నేర్పను.

దీంతో ఇంకో ఆట పెట్టాను. దానికి నీ సొంత ఊహ, ఎంత తప్పైనా సరే, నీ చేత్తో రాసి పంపేదాకా నాకు మనవరాలు లేదు.

ఎబినేజర్


కుందలహళ్ళి
13 అక్టోబరు 2024

మామయ్యకి,

నీ ఉత్తరం చదివాను. చేరవలసినవాళ్ళకి చేరింది. ఇక కంప్యూటరు జోలికి పోదు, నాది హామీ.

ఈ కాగితం ఎవరినీ అడక్కుండా రాసిందే. అట్టముక్క ఒక్కసారి కూడా ముందుగా జరపలేదు. దేవుడి మీద ఒట్టు.

దొంగ అన్న మాట ఇంకెప్పుడూ రాయొద్దు మామా. ఎంత కోపమొచ్చినా రాయొద్దు.

స్టెల్లా


ఆదోని
3 నవంబరు 2024

అమ్మా స్టెల్లా,

కాగితం అందింది. ఇరవై ఎనిమిదిలో నాలుగు సరి. మార్కుల గురించి కాదు నా దిగులు.

నేను నేర్పిన పిల్ల గుర్రాన్ని ఎదుటివాడి ఇంట్లోకి తోలి, తర్వాత ఏమవుతుందో చూద్దాం తాతా అనేది. ఈ కాగితం రాసిన చెయ్యి ఒక్క బంటుని కూడా వదులుకోలేదు. ప్రతి ఎత్తులోనూ ఏదో ఒక పావుని వెనక్కి లాగి రాజు చుట్టూ నిలబెట్టింది. బెదిరింపు లేనిచోట కూడా కాపలా పెట్టింది. ఈ ఊహలే ఆడి ఉంటే చివరికి తెల్ల పావులన్నీ ఒకే మూల, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేవి. ఇంత భయంతో ఆడిన ఆట నేను ఎప్పుడూ చూడలేదు.

ఇది నా ఉత్తరం చేసిన పని. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశాను. పిల్ల ఏదో మోజుపడి కంప్యూటరు నొక్కితే దొంగ అన్నాను, మనవరాలు లేదన్నాను. దాని ధైర్యం విరిచేశాను. అందుకే నాకు ఒక్క అక్షరం కూడా రాయడం లేదు. నా తోడబుట్టిన మీ అమ్మ పోయినప్పుడు నువ్వూ ఇలాగే నాతో నెలరోజులు మాట్లాడలేదు, గుర్తుందా? ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళావని నిన్ను నలుగురిలో అన్నాను. నా నోటికి ఆనకట్ట లేదు.

నేను బెంగళూరు వస్తున్నాను. ఇరవైరెండో తేదీ శుక్రవారం పగటి రైలుకి. సాల్మన్ వద్దని కాగితాల మీద కాగితాలు రాసి చూపిస్తున్నాడు, చివరికి దణ్ణం కూడా పెట్టాడు. వాడికేం తెలుసు. పిల్ల ఎదురుగా కూర్చుని, తాత తప్పు చేశాడని నా నోటితో చెప్పాలి. అది కాగితం మీద చెప్పేది కాదు. బోర్డు తీసి ఉంచమను. మొదటి ఆటలో నా రెండు ఏనుగులూ ముందే తీసి పక్కన పెడతాను.

మీ మామ


కుందలహళ్ళి
10 నవంబరు 2024

మామా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. సాల్మన్ చేతికి పంపుతున్నాను. పక్కన డాక్టరుని కూర్చోబెట్టి ఇమ్మన్నాను. నీ మాత్ర నాలుక కింద పెట్టుకుని చదువు. మంచం మీద కూర్చునే చదువు.

మామా, జెస్సికా లేదు. జూలై పంతొమ్మిదిన పోయింది. నువ్వు దాని ధైర్యం విరవలేదు. నీ సెప్టెంబరు కోపం దాన్ని తాకనే లేదు. నువ్వు ఆ ఉత్తరం రాసేనాటికి అది పోయి రెండు నెలలు దాటింది.

ఎలా పోయిందో ఇంకో రెండు ఉత్తరాల్లో ఉంది. ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో ఒకటి రాసి పోస్టు చెయ్యకుండా బీరువాలో పెట్టాను. అవి కూడా ఇందులో పెడుతున్నాను.

మొదటి రెండు కాగితాలూ నేను కంప్యూటరుని అడిగి రాసినవి. జెస్సికా చేతిరాత చూసి కాపీ కొట్టాను. నీకు తెలిసిపోతుందని నాకు తెలియలేదు. ఎక్కువ సరైతే నువ్వు సంతోషిస్తావనుకున్నాను, అంతే నా తెలివి. నువ్వు దొంగ అన్నది నన్నే. కానీ కవరు మీద దాని పేరుంది. ఆ ఉత్తరం పౌలు చేతిలో పడింది. చదివి, నా ముందు విసిరేసి, "సంతోషమా? సచ్చిపోయిన బిడ్డని దొంగని చేస్తివి గదా. ఇంగ ఎన్నాళ్ళు దాని పేరు మీద రాస్తా ఉంటావు?" అన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు.

మూడో కాగితం నాది. నాలుగు సరి, ఇరవై నాలుగు తప్పు. ఆ భయం నాది మామా. పిల్లది కాదు.

నీ గుండె కోసం దాచానని అందరికీ చెప్పాను. మొదట అదే నిజం. తర్వాత కాదు. నెలకోసారి కుమారి జెస్సికా అని నీ కవరు వచ్చేది. ఈ బెంగళూరులో అది బతికే ఉందనుకునేది ఆ కవరొక్కటే. స్కూలు వాళ్ళు పేరు కొట్టేశారు. చర్చిలో ప్రార్థనలు అయిపోయాయి. ఆదోనిలో కూడా అయింది, నువ్వు ముందు వరసలో కూర్చుని ఆమేన్ అన్నది దానికోసమే. అందరూ నీ వైపు అందుకే చూశారు. నీకు నిజం చెబితే ఆ కవరు ఆగిపోతుంది. అందుకని చెప్పలేదు. ఇది స్వార్థమే, క్షమించమని అడగను.

మధ్యాహ్నాలు డ్యూటీ లేనప్పుడు బోర్డు ముందు కూర్చుని నీ ఆటలు ఆడేదాన్ని. కెంపమ్మ కిటికీలోంచి చూసి, "ఏం స్టెల్లమ్మా, ఎవురితో ఆడతా ఉండావు? ఎదురుగా ఎవురూ లేరు కదమ్మా" అంది. లేరని నాకు తెలుసు.

జూన్ ఆట కాగితం పోలేదు. అబద్ధమాడాను. దాని దిండు కింద దొరికింది. జ్వరం తగ్గిన రోజు పొద్దున రాసింది. పదకొండు ఎత్తులు రాసి ఆపేసింది. నేను గుమ్మం దాటుతుంటే, "అమ్మా, మిగతాది రేపు చేస్తా" అంది. ఇన్నాళ్ళూ నా దగ్గరే దాచుకున్నాను. నువ్వు మార్కులు వెయ్యాల్సిన కాగితం కాబట్టి పంపుతున్నాను.

మా అమ్మని ఆలస్యంగా తీసుకెళ్ళానని అప్పుడు నన్నన్నావు. ఇప్పుడు అనాలంటే అను. ఈసారి మాట్లాడటం మానను. ఈసారి నువ్వన్నది నిజం.

రైలెక్కొద్దు మామా. ఇక్కడ బోర్డు తీసి ఉంచేవాళ్ళు లేరు.

స్టెల్లా


ఆదోని
8 డిసెంబరు 2024

స్టెల్లా,

గుండె ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని మూడు రోజులు అనుకున్నాను. డెబ్బై ఒక్క ఏళ్ళ ముసలివాడికి కొత్త నరాలు కుట్టి బతికించి, ఆ వారమే పిల్లని తీసుకెళ్ళాడు దేవుడు. దీన్ని మంచి ఎత్తు అనమని నా కొడుకు రోజూ ఉపదేశం చేస్తున్నాడు. నేను అనలేను. నాకీ ఎత్తు అర్థం కాలేదు, దేవుడికి భయపడి అర్థమైందని అబద్ధమాడను.

ఎవరికోసమో తెలియకుండా ఆమేన్ అన్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

మొదటి కాగితం చూడగానే నాకు తెలియాల్సింది. పిల్ల చెయ్యి కాదని కనిపెట్టాను, ఎవరి చెయ్యో ఆలోచించలేదు. మూడో కాగితంలో భయం చూశాను, అది తల్లి భయమని తట్టలేదు. ఎదుటివాడు ఎందుకలా ఆడాడో అడగమని ఊరందరికీ పాఠం చెప్పినవాణ్ణి, మూడు నెలలు నా ముందున్న కాగితాన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆ మంగళవారం పొద్దున నువ్వూ అడగలేదు. నిన్ను ఏమీ అనను. ఓదార్చను కూడా. నా దగ్గర ఓదార్పు లేదు.

దొంగ అని నేను రాసిన ఆ సెప్టెంబరు ఉత్తరం చించెయ్యొద్దు. ముట్టుకున్న పావు ఆడాల్సిందేనని అందరికీ నేర్పాను, నేను రాసిన మాట నేను వెనక్కి తీసుకోలేను. కానీ అది దాని కవర్లో ఉండకూడదు. నా పేరు రాసిన ఈ కవర్లో పెట్టి నాకు తిప్పి పంపు. అది నా దగ్గర ఉండాల్సిన కాగితం. పౌలుకి వేరే ఉత్తరం రాశాను. బిడ్డని దొంగ అన్నది నేను, నువ్వు కాదని రాశాను.

జెస్సికా కాగితానికి మార్కులు వేశాను. రెండు వారాలు పట్టింది. అద్దాలు మాటిమాటికీ తుడుచుకోవాల్సొచ్చింది. పదకొండులో ఆరు సరి. అయిదు తప్పు. తప్పుని తప్పనే ఎర్రసిరాతో రాశాను. నాలుగో ఎత్తులోనూ తొమ్మిదో ఎత్తులోనూ మళ్ళీ గుర్రాన్ని తొందరపడి తోలింది. ఎన్నిసార్లు చెప్పినా వినదు. పోయిన పిల్ల కదా అని మార్కులు కలపలేదు. ఎప్పుడూ కలపలేదు, కలిపితే దానికి కోపమొచ్చేది.

పన్నెండో ఎత్తు దగ్గర కాగితం ఖాళీ. అక్కడ నేను ఏమీ రాయలేదు. పుస్తకంలో ఆ ఆట దగ్గర అట్టముక్క అలాగే పెట్టి మూశాను. మిగతా ఎత్తులు నాకు కంఠతా వచ్చు. ఆ ఆట ఇక ఎవరికీ నేర్పను. నువ్వు ఆ కాగితం మీద ఏమీ రాయొద్దు, పూర్తిచెయ్యాలని చూడొద్దు. ఆ ఆట అక్కడితో ఆగిపోయింది.

నీకు ఓపిక లేదని నేర్పలేదన్నాను చిన్నప్పుడు. అది అబద్ధం. బోర్డు ఒకటే ఉండేది, కొడుకుని కూర్చోబెట్టాను. నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తుండటం నాకు కనిపించేది. కనిపించినా పిలవలేదు.

నీ నాలుగు సరైన ఎత్తులూ మళ్ళీ చూశాను. నాలుగూ ఆట చివర, ఓడిపోతున్నచోట వచ్చాయి. ఓడుతున్నప్పుడు ఎలా నిలబడాలో పుస్తకాల్లో నుంచి నేర్పడం చాలా కష్టం. ఎదుటివాడికి ప్రతి ఎత్తూ కష్టం చెయ్యాలి, తేలిగ్గా వదలకూడదు, అంతే చెప్పగలను. అలాంటి ఆట ఒకటి దీంతో పంపుతున్నాను. నల్లాయన మొదటి నుంచీ ఓడిపోతూనే ఉంటాడు. చివరికి ఓడిపోతాడు కూడా. కానీ డెబ్బై నాలుగు ఎత్తులు ఆడాడు. నువ్వు నల్లాయన ఎత్తులు ఊహించు.

లోపలి కవరు మీద నీ పేరు రాశాను. కాగితం మీద కూడా నీ పేరే రాసి పంపు.

మీ మామ
ఎబినేజర్